పొద్దున్నే రావాల్సిన పంచాంగం ఎందుకు రాలేదు: ఒక చిన్న తెలుగు సైటు కేస్ స్టడీ

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు చిన్న చిన్న వెబ్‌సైట్లు చూసుకోవడం నా పని. షాపులవి, స్కూళ్లవి, గుడి కమిటీలవి. అందులో ఒక కేసు ఇది. సైటు నడిపేవాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, పేర్లు, గుర్తుపట్టే వివరాలు తీసేశాను. సాంకేతిక వివరాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడిచే సైట్లు చూసేవాళ్లకి "షెడ్యూల్ చేసిన పోస్టు టైముకి రాలేదు", "పోస్టు పెట్టినా పాత పేజీయే కనిపిస్తోంది" అనే ఫిర్యాదులు కొత్త కాదు. విడివిడిగా వస్తే రెండూ గంటలో తేలిపోయేవే. ఒకే సైటులో రెండూ కలిసి వస్తే మాత్రం ఒకదాని ఆనవాలు ఇంకొకటి చెరిపేస్తుంది. బాగు చేయడానికి సైటు తెరిచే మనిషే తెలియకుండా ఆ కాసేపు సమస్యను మాయం చేస్తుంటారు కూడా. ఈ కేసు రాయడానికి అసలు కారణం అదే.

నేపథ్యం

1936లో ఒడిశా వేరే రాష్ట్రం అయినప్పుడు పర్లాకిమిడి అటు వెళ్లింది. తెలుగు మాట్లాడే ఇళ్లు మాత్రం ఎక్కడివి అక్కడే ఉండిపోయాయి. ఈ సైటు అలాంటి ఇళ్ల కోసం. గుణుపూర్-విశాఖ ప్యాసింజర్ టైము మారితే, తెలుగు మీడియం బడుల్లో అడ్మిషన్లు తెరిస్తే, ఊళ్లో ఎవరైనా పోతే అందులో వేస్తారు. కానీ జనం రోజూ తెరిచేది పంచాంగం కోసమే.

హైదరాబాద్‌లో అచ్చయిన క్యాలెండర్ వీళ్లకి అచ్చంగా సరిపోదు. రేఖాంశం ఒక డిగ్రీ తూర్పుకి జరిగితే సూర్యోదయం నాలుగు నిమిషాలు ముందుకి వస్తుంది. పర్లాకిమిడికీ హైదరాబాద్‌కీ మధ్య ఐదున్నర డిగ్రీల పైనే తేడా ఉంది, అంటే ఇరవై నిమిషాల పైమాటే. సూర్యోదయానికి ఏ తిథి ఉందో చూసుకునేవాళ్లకి, రాహుకాలం చూసుకునేవాళ్లకి ఆ తేడా చిన్నది కాదు. పోనీ పక్కింటి ఒడియా పంచాంగం చూద్దామంటే అందులో నెల పౌర్ణమితో ముగుస్తుంది, మనకి అమావాస్యతో. కృష్ణాష్టమి మనకి శ్రావణ బహుళ అష్టమి, వాళ్లకి భాద్రవం కృష్ణపక్షం. బహుళ పక్షంలో తద్దినం పెట్టుకోవాల్సిన ఇంట్లో ఇది పెద్ద తికమక. అందుకే సొంత ఊరి లెక్కతో తెలుగు పంచాంగం ఎవరో ఒకరు వేయాల్సి వచ్చింది.

వేసేది ఒకావిడ. యాభై దాటాయి, తెలుగు చెప్పే టీచరు. ఆదివారం రాత్రి కూర్చుని వారానికి సరిపడా ఏడు పోస్టులు టైపు చేసి, ఒక్కోటీ తెల్లవారుజామున 4:30కి వచ్చేలా షెడ్యూల్ చేస్తారు. సాంకేతికమైన పనులు ఆవిడ మేనల్లుడివి. కాలేజీ కుర్రాడు, వీడియోలు చూసి నేర్చుకున్నాడు. షేర్డ్ హోస్టింగ్ (చాలా సైట్లు పంచుకునే సర్వర్), తయారైన పేజీ కాపీని దాచి ఇచ్చే ఒక పేజీ క్యాష్ ప్లగిన్, సైటుకి ముందు నిలబడి తన దగ్గరున్న కాపీలు ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవ ఉచిత ప్లాను. చిన్న సైటుకి ఈ అమరిక మంచిదే. కుర్రాడి శ్రద్ధని తక్కువ చేయడానికి లేదు.

వచ్చిన ఫిర్యాదు

ఫోన్‌లో ఆవిడ మొదట చెప్పింది ఇది: "బాబూ, ఏకాదశి నాడు మన సైటులో దశమి అనుంది. ఒక పెద్దావిడ అది చూసి భోంచేసేసింది. నాకు ఫోన్ చేసి ఏడ్చింది. నేను ఉదయాన్నే చూస్తే ఏకాదశే ఉంది, నా కళ్లతో చూశాను. ఎవరి మాట నమ్మమంటావు?"

ఇద్దరి మాటా నిజమే అని తర్వాత తేలింది.

మాట్లాడే కొద్దీ మూడు సంగతులు బయటికొచ్చాయి. కొన్ని రోజులు పోస్టు 4:30కి రావడం లేదు, పోస్టుల జాబితాలో ఎర్రటి అక్షరాల్లో 'మిస్డ్ షెడ్యూల్' అని ఉంటోంది. కొన్ని రోజులు పోస్టు వచ్చినా హోమ్ పేజీలో నిన్నటిదే ఉంటోంది. ఒకే ఇంట్లో రెండు ఫోన్లలో రెండు రకాలుగా కనిపిస్తోంది.

అప్పటికే మేనల్లుడు చేయగలిగినవన్నీ చేసేశాడు. క్యాష్ ప్లగిన్ మార్చాడు. మిస్ అయిన పోస్టుల్ని వెతికి పబ్లిష్ చేసే ప్లగిన్ ఒకటి పెట్టాడు. ఒక సాయంత్రం ప్లగిన్లన్నీ ఆపి చూశాడు. రోజూ లేవగానే 'క్లియర్ క్యాష్' నొక్కడం అలవాటు చేసుకున్నాడు. హోస్టింగ్ సపోర్టువాళ్లు పెద్ద ప్లానుకి మారమన్నారు. ఆవిడ డబ్బు కట్టడానికి సిద్ధపడ్డారు కూడా.

ముట్టుకోకుండా చూడటం

నేను మొదట అడిగింది ఒకటే: కొన్నాళ్లు ఎవరూ క్యాష్ క్లియర్ చేయొద్దు, ప్లాను మార్చొద్దు. ఒక నోటు పుస్తకంలో రాయండి. ఎన్నింటికి చూశారు, ఎవరి ఫోన్లో, సైటులో లాగిన్ అయి ఉన్నారా లేదా, ఏ తిథి కనిపించింది.

ఇలా అడిగితే చాలామంది క్లయింట్లకి నచ్చదు. "మీరొచ్చి చూడరా?" అంటారు. కానీ క్యాష్ క్లియర్ చేస్తే తప్పు ఎక్కడ ఉందో చెప్పే పాత కాపీ కూడా దానితోపాటే పోతుంది. అది ఏ పొరలో నిలిచిపోయిందో చూడకముందే తుడిచేస్తే రేపు మళ్లీ మొదటికొస్తాం. పెద్ద ప్లాను వద్దనడానికి కారణం వేరు. సైటు నెమ్మదిగా లేదు, పడిపోవడం లేదు. సర్వర్‌కి బలం చాలకపోతే కనిపించే లక్షణాలు ఇవి కావు.

నోటు పుస్తకంలో ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది. ఆవిడ చూసిన ప్రతిసారీ సరిగ్గానే ఉంది. ఆవిడ చెల్లెలు, పక్కింటివాళ్లు, విశాఖలో ఉన్న కొడుకు చూసినప్పుడే తేడా. ఆవిడ ఎప్పుడూ లాగిన్ అయి ఉంటారు, మిగతావాళ్లు ఉండరు.

ఇంకో వరుస ఇంకా విలువైనది. ఒక రోజు ఆవిడ ఇలా రాశారు: "6:04. డాష్‌బోర్డు తెరిచాను. మిస్డ్ అని ఉంది. నేనేమీ నొక్కలేదు. మళ్లీ తెరిస్తే పబ్లిష్ అయిపోయి ఉంది."

పోస్టు మీద ఉండే టైము నమ్మకూడదు

వర్డ్‌ప్రెస్‌లో షెడ్యూల్ చేసిన పోస్టు ఎంత ఆలస్యంగా పబ్లిష్ అయినా, దాని మీద షెడ్యూల్ చేసిన టైమే ఉంటుంది. ఆరింటికి వచ్చిన పోస్టు కూడా 4:30కి వచ్చినట్టే చూపిస్తుంది. పబ్లిష్ అయ్యే క్షణంలో డేటాబేసులో మారేది పోస్టు స్టేటస్ ఒక్కటే. మార్చిన టైము చెప్పే గడి కూడా మారదు. అందుకే ముందు రోజుల పోస్టులు చూసి కుర్రాడు "అన్నీ టైముకే వచ్చాయి కదా" అనుకున్నాడు.

అసలు టైము కావాలంటే, ఎవరు దేన్ని ఎప్పుడు అడిగారో నమోదయ్యే సర్వర్ యాక్సెస్ లాగ్ చూడాలి. షెడ్యూల్ పనులు నడిపే డబ్ల్యూపీ-క్రాన్ ఫైలుకి పిలుపు ఎప్పుడెప్పుడు వచ్చిందో అందులో ఉంటుంది. లాగ్ తెప్పించుకుని నోటు పుస్తకం పక్కన పెట్టుకున్నాను. రాత్రి పదకొండు తర్వాత పిలుపులు పలచబడ్డాయి. చాలా రోజులు 4:30 నుంచి ఆరు దాకా ఒక్కటీ లేదు. ఆవిడ డాష్‌బోర్డు తెరిచిన 6:04 దగ్గర మాత్రం ఒకటి ఉంది. పోస్టు 'దానంతట అదే' రాలేదు, ఆవిడ తెరవడం వల్లే వచ్చింది.

ఇది ఎందుకో చెప్పాలి. వర్డ్‌ప్రెస్‌కి సొంత గడియారం లేదు. షెడ్యూల్ పనులు నడిపే డబ్ల్యూపీ-క్రాన్ అనేది ఎవరైనా సైటు తెరిచి, ఆ పేజీ కోసం పీహెచ్‌పీ (వర్డ్‌ప్రెస్ కోడు రాసిన భాష) నడిచినప్పుడే 'టైము దాటిన పని ఏమైనా ఉందా' అని చూస్తుంది. ఎవరో గేటు కొడితేనే గోడ గడియారం వైపు చూసే వాచ్‌మన్ లాంటిది. పేజీ క్యాష్, దాని ముందు క్లౌడ్‌ఫ్లేర్ పెట్టామంటే వచ్చినవాళ్లకి వీధి చివరే కాగితం ఇచ్చి పంపేస్తున్నాం. గేటు దాకా ఎవరూ రారు. జనం వస్తూనే ఉంటారు, కానీ పీహెచ్‌పీ నడవదు.

మరి కొన్ని రోజులు టైముకి ఎలా వచ్చింది? దానికీ లాగ్‌లోనే జవాబు ఉంది. సెర్చ్ ఇంజన్ బాట్లు క్యాష్‌లో లేని పాత పేజీలు తిరగేస్తుంటాయి. ఏ రాత్రి ఒక బాట్ 4:40కో 4:50కో అలాంటి పేజీ అడిగితే, ఆ రోజు పోస్టు దాదాపు టైముకే వచ్చింది. ఈ అదృష్టమే ఇన్నాళ్లూ అందరినీ తప్పుదారి పట్టించింది. ప్లగిన్ మార్చిన మర్నాడు బాట్ వస్తే, ప్లగిన్ వల్లే బాగుపడిందని అనిపిస్తుంది.

మేనల్లుడు పెట్టిన 'మిస్డ్ షెడ్యూల్' ప్లగిన్ పనిచేయకపోవడానికి కారణం కూడా ఇదే. అది కూడా పేజీ లోడ్ అయినప్పుడే మేల్కొంటుంది. అది కుర్రాడి తప్పు కాదు. ఆ ప్లగిన్ వివరణ చదివితే ఎవరైనా సరిగ్గా ఇలాంటి సైటుకే పెడతారు.

ఫలితం ఇవ్వనివి

కారణం దొరికిందని అనిపించినా, దాన్ని మాత్రమే పట్టుకోకుండా మామూలు అనుమానాలు తీర్చుకున్నాను. టైమ్‌జోన్ కోల్‌కతా అనే ఉంది. డేటాబేసులో 4:30 పోస్టుకి జీఎంటీ (మన టైముకి ఐదున్నర గంటలు వెనక) గడిలో ముందు రోజు 23:00 ఉంది, సరిపోయింది. సైటు తనను తాను పిలుచుకోగలుగుతోందా అనే పరీక్ష వర్డ్‌ప్రెస్‌లోని సైట్ హెల్త్ పేజీలో పాసయింది. ఈ రెండింటితో ఎక్కువసేపు పట్టలేదు.

క్లౌడ్‌ఫ్లేర్‌లో క్యాష్ నిలిచే సమయం తగ్గిద్దామా అని కుర్రాడు అడిగాడు. క్లౌడ్‌ఫ్లేర్ మామూలుగా బొమ్మలు, స్టైల్ ఫైళ్ల లాంటివే దాస్తుంది, హెచ్‌టీఎంఎల్ పేజీల్ని దాయదు. ఇక్కడ కుర్రాడు 'అన్నీ క్యాష్ చెయ్' అనే రూలు పెట్టి, ఒక రోజు ఉంచమన్నాడు, అడ్మిన్ పేజీల్ని, లాగిన్ కుకీ ఉన్నవాళ్లని మినహాయించాడు. ఉచిత ప్లానులో ఆ గడువు రెండు గంటల కంటే తగ్గదు. రెండు గంటలకి దించితే 4:30 పోస్టుకి 6:30 దాకా ఆలస్యం అవ్వొచ్చు. పైగా ఐదు నుంచి ఏడు మధ్యే రద్దీ ఎక్కువ, ఆ భారం షేర్డ్ సర్వర్ మీద పడుతుంది. గడువు తగ్గించినంత మాత్రాన గేటు కొట్టేవాళ్లు తెల్లవారుజామునే వస్తారన్న నమ్మకం కూడా లేదు. వద్దన్నాను.

హోస్టింగ్ ప్యానెల్‌లో సర్వర్ క్రాన్ పెట్టాం, అంటే సర్వర్ సొంత గడియారం ప్రకారం నడిచే పని. ప్రతి 15 నిమిషాలకీ డబ్ల్యూపీ-క్రాన్ చిరునామాని తెరవమని. ఆ హోస్టింగ్‌లో అంతకంటే తరచుగా పెట్టనివ్వరు. అందరూ చెప్పే పరిష్కారం ఇదే, ఇక్కడితో అయిపోవాలి. మొదటి ఉదయం పోస్టు రాలేదు. క్రాన్ లాగ్‌లో మాత్రం ప్రతి 15 నిమిషాలకీ 200 అని పచ్చగా ఉంది.

ఈ ఘట్టమే నాకు ఈ కేసులో అన్నిటికంటే ముఖ్యం. 200 అంటే 'జవాబు వచ్చింది' అని మాత్రమే. ఎవరు ఇచ్చారో అది చెప్పదు. కర్ల్ అనే కమాండుతో ఆ చిరునామా హెడర్లు (జవాబుతో వచ్చే వివరాల వరుసలు) తెప్పించి చూస్తే సీఎఫ్-క్యాష్-స్టేటస్ అనే వరుసలో 'హిట్' (క్యాష్‌లోంచే ఇచ్చాం) అని ఉంది, దాని పక్కన ఏజ్ విలువ, అంటే కాపీ వయసు సెకన్లలో, వేలల్లో ఉంది. అంటే క్రాన్ ఫైలు జవాబునే క్లౌడ్‌ఫ్లేర్ దాచుకుని, ప్రతి 15 నిమిషాలకీ అదే ఇస్తోంది. 'అన్నీ క్యాష్ చెయ్' అన్నామంటే అన్నీ అనే. క్యాష్ చేయొద్దని ఆ ఫైలు తన హెడర్లలో చెబుతున్నా, గడువు మనం బలవంతంగా పెట్టాం కాబట్టి ఆ మాట చెల్లలేదు. వర్డ్‌ప్రెస్ తనంతట తాను క్రాన్‌ని పిలిస్తే చిరునామా చివర ప్రతిసారీ కొత్త అంకె తగిలిస్తుంది, అందుకే అవి క్యాష్‌లో చిక్కుకోవు. మనం రాసిన చిరునామా మాత్రం రోజూ ఒకటే.

ఎక్కడైనా సర్వర్ క్రాన్ పెట్టాక ప్యానెల్‌లో పచ్చ రంగు చూసి వదిలేయకండి. ఆ పిలుపు సైటు సొంత యాక్సెస్ లాగ్‌లోకి వచ్చిందో లేదో చూడండి. ఇక్కడ రాలేదు.

ఫలితం ఇచ్చినవి

క్రాన్‌ని వెబ్ దారిలో పంపడమే మానేశాం. సర్వర్ లోపలే పీహెచ్‌పీతో నేరుగా ఆ ఫైలుని నడిపించాం. క్లౌడ్‌ఫ్లేర్‌తో పని లేదు, బాట్లని ఆపే రక్షణలతో పని లేదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. కమాండ్ లైనులో నడిచే పీహెచ్‌పీ వెర్షనూ, సైటు వాడే వెర్షనూ వేరుగా ఉండొచ్చు, దారి పూర్తిగా రాసి సరైన వెర్షన్‌ని పిలవాలి. దాంతోపాటు క్లౌడ్‌ఫ్లేర్ రూలులో క్రాన్ ఫైలుకి మినహాయింపు కూడా చేర్చాం. దాని అవసరం ఇప్పుడు లేదు, కానీ రేపు ఇంకెవరైనా వెబ్ దారిలో పెడితే మళ్లీ ఇదే గొడవ రాకూడదని.

డబ్ల్యూపీ-కాన్ఫిగ్ అనే సెట్టింగుల ఫైలులో పేజీ లోడ్‌తో నడిచే క్రాన్‌ని ఆపేసే లైను చేర్చాలా వద్దా అన్నది ఆలోచించాల్సిన విషయం. ఆపేస్తే, హోస్టింగ్ క్రాన్ ఏ కారణంగానైనా ఆగిన రోజు ఆవిడ డాష్‌బోర్డు తెరిచినా పోస్టు రాదు. ఉంచితే రెండు దారుల్లో నడుస్తుంది. మొదట ఉంచాను. కొత్త ఏర్పాటు నమ్మదగ్గదని తేలకముందే పాత ఆసరా తీసేయడం నాకు ఇష్టం ఉండదు.

షెడ్యూల్ టైము 4:30 నుంచి 4:20కి మార్చమన్నాను. డాష్‌బోర్డులో సెకన్లు కనిపించవు కానీ డేటాబేసులో ఉంటాయి. పోస్టు 4:30:40కి అని నమోదైతే, 4:30:01కి నడిచిన క్రాన్ దాన్ని వదిలేసి 4:45కి గానీ తీసుకోదు. 4:20 పెడితే ఎలాగైనా 4:30కి వచ్చేస్తుంది. పెద్దవాళ్లు లేచేది ఆ తర్వాతే.

పోస్టులు టైముకి రావడం మొదలైంది. కానీ అప్పుడప్పుడు ఒకటి మాత్రం 'మిస్డ్' అనే ఉండిపోయేది, ఎంతసేపైనా కదిలేది కాదు. ఆలస్యానికీ, ఎప్పటికీ రాకపోవడానికీ కారణం ఒకటే కాదని అక్కడ పట్టుకోవాలి. క్రాన్ పనుల జాబితా తీసి చూస్తే, ఆ పోస్టుకి సంబంధించిన పనే అందులో లేదు. పోస్టు స్టేటస్ 'ఫ్యూచర్' (ఇంకా రావాల్సింది) అనే ఉంది, దాన్ని లేపాల్సిన పని మాయమైంది. క్రాన్ ఎంత బాగా నడిచినా జాబితాలో లేని పనిని చేయదు.

వర్డ్‌ప్రెస్ ఈ పనులన్నిటినీ ఆప్షన్స్ టేబుల్‌లో ఒకే ఒక్క వరుసలో ఒక పెద్ద మూటగా దాస్తుంది. కొత్త పని చేర్చాలంటే మూట మొత్తం చదివి, మార్చి, మొత్తం తిరిగి రాస్తుంది. సరిగ్గా అదే క్షణంలో క్రాన్ కూడా తన పని ముగించి ఆ మూటని తిరిగి రాస్తే, ఎవరు చివర రాస్తే వాళ్లదే మిగులుతుంది. మధ్యలో చేర్చింది పోతుంది. ఆదివారం రాత్రి ఆవిడ ఏడు పోస్టులు వరసగా సేవ్ చేసిన సమయంలో క్రాన్ నడిచినట్టు లాగ్‌లో ఉంది. పైగా హోస్టింగ్ ప్యానెల్‌లో 'స్పీడ్' బటన్ నొక్కినప్పుడు డేటాబేసులోంచి చదివినవి మెమరీలో దాచే రెడిస్ ఆబ్జెక్ట్ క్యాష్ కూడా ఆన్ అయింది. దానితో పాత మూట చేతికొచ్చే అవకాశం ఇంకా పెరుగుతుంది.

ఇక్కడ మూడు పనులు చేశాం. రెడిస్ ఆపేశాం. చదివేవాళ్లకి పేజీ మొత్తం క్యాష్‌లోంచే వెళ్తున్నప్పుడు ఈ సైటుకి దానివల్ల ఒరిగేది చాలా తక్కువ. పేజీ లోడ్ క్రాన్‌ని ఇప్పుడు ఆపేశాం, ఒకేసారి రెండు చేతులు రాయకుండా. సర్వర్ క్రాన్ నమ్మదగ్గదని అప్పటికి తేలింది కాబట్టి ఆ ధైర్యం వచ్చింది. మూడోది ఒక చిన్న పీహెచ్‌పీ స్క్రిప్టు. క్రాన్ జాబితాతో సంబంధం లేకుండా, టైము దాటినా 'ఫ్యూచర్'లోనే ఉన్న పోస్టుల్ని నేరుగా పోస్టుల టేబుల్‌లో వెతికి పబ్లిష్ చేస్తుంది. అసలు ఎన్నింటికి చేసిందో ఒక ఫైలులో రాస్తుంది. వర్డ్‌ప్రెస్ మనకి దాచిపెట్టే ఆ టైము ఇప్పుడు మన చేతిలో ఉంది.

పాత పేజీ సంగతి

ఒకే ఇంట్లో రెండు ఫోన్లు రెండు తిథులు చూపించడం ఊళ్లో బాగా చర్చ అయిన విషయం. సరిహద్దు ఊళ్లలో చాలామంది దగ్గర ఆంధ్రా సిమ్ ఒకటి, ఒడిశా సిమ్ ఒకటి ఉంటాయి. రెండు ఫోన్ల హాట్‌స్పాట్‌తో లాప్‌టాప్ కలిపి అదే పేజీ హెడర్లు చూశాం. సీఎఫ్-రే అనే హెడర్ వరుస చివర ఒకదానికి ఎంఏఏ అని, ఇంకొకదానికి సీసీయూ అని వచ్చింది. అవి చెన్నై, కోల్‌కతా విమానాశ్రయాల కోడ్లు. క్లౌడ్‌ఫ్లేర్ ప్రతి డేటా సెంటర్ తన కాపీ తాను పెట్టుకుంటుంది. చెన్నై కాపీ గడువు తీరి కొత్తది తెచ్చుకుంది, కోల్‌కతాది ఇంకా తీరలేదు. దీన్ని ఆవిడకి చూపించినప్పుడు ముఖంలో టెన్షన్ సగం తగ్గింది. ఇన్నాళ్లూ చదివేవాళ్లు తనని అబద్ధాలకోరు అనుకుంటున్నారేమోనని ఆవిడ బాధ.

పోస్టు పబ్లిష్ అయినప్పుడు క్యాష్ ప్లగిన్ సర్వర్‌లో ఉన్న తన కాపీని తుడిచేస్తోంది, క్లౌడ్‌ఫ్లేర్‌కి మాత్రం ఎవరూ చెప్పడం లేదు. రెండింటినీ ఏపీఐ టోకెన్‌తో (ఒక సాఫ్ట్‌వేర్ ఇంకోదానితో పని చేయించుకోవడానికి వాడే తాళంచెవి లాంటిది) కలిపాం. ఖాతా మొత్తం తెరిచే గ్లోబల్ కీ కాకుండా, ఈ ఒక్క సైటు క్యాష్ తుడిచే హక్కు మాత్రమే ఉన్న టోకెన్. ప్రతి పబ్లిష్‌కీ సైటు మొత్తం తుడిచేయడం సులువే, కానీ తెల్లవారి రద్దీకి ముందు ఖాళీ క్యాష్‌తో నిలబడటం మంచిది కాదు. అందుకే హోమ్ పేజీ, పంచాంగం విభాగం, ఫీడ్ (కొత్త పోస్టుల జాబితా) మాత్రమే తుడిచేలా పెట్టాం. పాత పోస్టులు హాయిగా క్యాష్‌లో ఉంటాయి, అవి మారేవి కావు.

ఇంకో పొర చదివేవాళ్ల ఫోన్లోనే ఉంది. క్లౌడ్‌ఫ్లేర్‌లో బ్రౌజర్ క్యాష్ గడువు మామూలుగా నాలుగు గంటలు. రాత్రి పదకొండున్నరకి హోమ్ పేజీ చూసి పడుకున్నవాళ్లకి మూడున్నర దాకా అదే కాపీ, మూడింటికి చూస్తే ఏడు దాకా అదే. ఎవరి ఫోన్లోని కాపీనీ మనం ఇక్కడినుంచి తుడవలేం. పేజీలకి ఆ గడువు కొన్ని నిమిషాలకి దించాం.

తర్వాత బొమ్మ. పంచాంగం బొమ్మని రోజూ ఒకే ఫైలు పేరుతో పాతదాని మీద కొత్తది మార్చేవారు. పేరు మారకపోతే, గడువు తీరేదాకా మధ్యలో ఉన్న ఏ క్యాష్‌కీ బొమ్మ మారిందని తెలిసే దారి లేదు. పోస్టులో అక్షరాలు ఏకాదశి అని, కింద బొమ్మ దశమి అని చూపించిన రోజులకి కారణం ఇదే. ఇప్పుడు ప్రతి ఫైలు పేరులోనూ తేదీ ఉంటుంది.

ఇవన్నీ చేశాక కూడా నేను పట్టుబట్టింది ఒక మార్పు, అది సాంకేతికమైనది కాదు. ప్రతి పోస్టుకీ శీర్షిక 'నేటి పంచాంగం' అని ఉండేది. నిన్నటి కాపీ తెరిచిన మనిషికి కూడా అది 'నేటి' అనే చెబుతుంది. ఎక్కడో ఒక పొరలో, ఎవరో ఒకరి ఫోన్లో పాత కాపీ నిలవడం ఎంత చేసినా పూర్తిగా ఆగదు. ఆగనప్పుడు ఆ పేజీ తాను పాతదని తానే చెప్పుకోవాలి. ఇప్పుడు శీర్షికలో వారం, తేదీ, తిథి ఉంటాయి. హోమ్ పేజీలో చిన్న జావాస్క్రిప్టు ఒకటి ఫోన్‌లోని తేదీతో పోల్చి, తేడా ఉంటే పైన పెద్ద అక్షరాల్లో "ఇది నిన్నటి పేజీ, మళ్లీ తెరవండి" అని చూపిస్తుంది. ఆ ఏకాదశి నాడు ఈ ఒక్క వరుస ఉంటే ఆ పెద్దావిడ ఉపవాసం తప్పేది కాదు. మిగతావన్నీ తర్వాత తీరికగా బాగుచేసుకున్నా సరిపోయేది.

అప్పగింత

4:50కి ఇంకో స్క్రిప్టు సైటుని బయటి చిరునామాతోనే తెరిచి, హోమ్ పేజీలో ఆ రోజు తేదీ లేకపోతే ఇద్దరికీ మెయిల్ పంపుతుంది. అది సర్వర్‌కి దగ్గర్లో ఉన్న డేటా సెంటర్ కాపీనే చూడగలదు, కోల్‌కతా కాపీ సంగతి దానికి తెలియదు. అందుకే వారానికి ఒకసారి రెండు సిమ్‌ల మీద, ప్రైవేట్ ట్యాబ్‌లో, లాగిన్ లేకుండా చూడమని కుర్రాడికి చెప్పాను. లాగిన్ అయి చూడటం వల్ల ఉపయోగం లేదని ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు.

ఒక కాగితం మీద ఏ పని ఎక్కడ నడుస్తోందో, టోకెన్ దేనికో, క్రాన్ ఆగితే ఏం చేయాలో తెలుగులో రాసి ఇచ్చాను. కుర్రాడికి ఉద్యోగం వచ్చి వేరే ఊరు వెళ్తే ఆ కాగితం చదివి ఆవిడే హోస్టింగ్‌వాళ్లతో మాట్లాడగలగాలి. ఒకసారి నా ముందే ఆవిడతో పోస్టులు పబ్లిష్ చేసే క్రాన్ పనులు ఆపించి, ఈ స్క్రిప్టు నుంచి మెయిల్ వచ్చేదాకా కూర్చున్నాం. మెయిల్ వచ్చాక తిరిగి ఆన్ చేసింది కూడా ఆవిడే.

వాట్సాప్ గ్రూపులో మాత్రం ఇంకా హోమ్ పేజీ లింకే తిరుగుతుండేది. లింకుతో వచ్చే చిన్న బొమ్మ, శీర్షిక పంపినవాళ్ల ఫోన్లో పాతవే ఉండిపోయేవి. ఇప్పుడు ఆవిడ గ్రూపులో ఏ రోజుకి ఆ రోజు పోస్టు లింకే వేస్తున్నారు.